నిరుద్యోగ భృతి అందుకుంటే పన్ను రీఫండ్ ఎందుకు తగ్గుతుంది?

అమెరికాలో ఏటా జనవరి చివరి నుంచి ఏప్రిల్ 15 దాకా ఆదాయపు పన్ను రిటర్నుల కాలం. ముందటి క్యాలెండర్ సంవత్సరంలో వచ్చిన ఆదాయం లెక్కను ఈ గడువులోగా ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు సమర్పించాలి. లెక్క తేలాక చాలామందికి కొంత డబ్బు వెనక్కి వస్తుంది. అదే రీఫండ్. తక్కువ జీతాలతో బతికే అనేక కుటుంబాలకు ఏడాది మొత్తంలో ఒకేసారి చేతికొచ్చే పెద్ద మొత్తం ఇదే. అద్దె బకాయి, కారు రిపేరు, ఆస్పత్రి బిల్లు వంటివి ఆ డబ్బు రాక కోసం ఎదురుచూస్తుంటాయి.

ఉద్యోగం పోయిన ఏడాది మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. ఆదాయం బాగా పడిపోయింది కనుక రీఫండ్ ఎక్కువే వస్తుందని ఆశించినవారికి అది తగ్గిపోతుంది. ఒక్కోసారి తిరిగి తామే ఐఆర్‌ఎస్‌కు కట్టాల్సి వస్తుంది. దీనికి ఎక్కువ సందర్భాల్లో కారణం, ఖాళీగా ఉన్న నెలల్లో అందుకున్న నిరుద్యోగ భృతి. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఐటీ కంపెనీల్లో ఉద్యోగాల కోత జరిగినప్పుడల్లా ఎదుర్కొనే ప్రశ్న కూడా ఇదే. ఇందులో రహస్యమేమీ లేదు. చాలావరకు అది ఒక తీసివేత లెక్క. ఆ తీసివేతలో ఏ అంకె ఎక్కడ నుంచి వస్తుందో తెలిస్తే మిగతాది దానంతట అదే అర్థమవుతుంది.

రీఫండ్ అంటే బహుమతి కాదు

మన దేశంలో జీతం తీసుకునేవారికి టీడీఎస్ గురించి తెలుసు. జీతం చేతికి రాకముందే యజమాని కొంత పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేస్తారు. ఏడాది చివర రిటర్ను వేసినప్పుడు అసలు పన్ను ఎంతో తేలుతుంది. జమ చేసింది ఎక్కువైతే తేడా వెనక్కి వస్తుంది, తక్కువైతే మనం కట్టాలి. అమెరికాలో దీన్నే విత్‌హోల్డింగ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో తెచ్చిన చట్టంతో జీతాల మీద ఈ పద్ధతి దేశమంతటా అమల్లోకి వచ్చింది.

కాబట్టి రీఫండ్ రెండు అంకెల మధ్య తేడా. మొదటిది, ఏడాది పొడవునా ముందుగా కోసిన పన్ను. రెండోది, ఏడాది ముగిశాక తేలిన అసలు పన్ను. మొదటిది అంచనా, రెండోది కొలత. అంచనా కొలత కంటే ఎంత ఎక్కువగా ఉంటే రీఫండ్ అంత పెద్దది. దీనికి తోడు పేద కుటుంబాలకు ప్రభుత్వం కొన్ని పన్ను క్రెడిట్లు ఇస్తుంది. కట్టాల్సిన పన్ను సున్నా అయినా ఇవి నగదు రూపంలో రీఫండ్‌లో కలిసి వస్తాయి.

నిరుద్యోగ భృతి ఈ మూడింటినీ తాకుతుంది. అసలు పన్నును పెంచుతుంది. ముందస్తు కోత లేకుండానే చాలాసార్లు చేతికొస్తుంది. కొన్ని క్రెడిట్లను తగ్గిస్తుంది. ఒక్కొక్కటే చూద్దాం.

యజమాని వేసే అంచనా

ప్రతి జీతంలోనూ ఎంత పన్ను కోయాలో యజమాని ఎలా నిర్ణయిస్తారు? ఈ నెల వచ్చిన జీతమే పన్నెండు నెలలూ వస్తుందని ఊహించి, ఆ వార్షిక ఆదాయానికి ఎంత పన్ను పడుతుందో లెక్కగట్టి, అందులో పన్నెండో వంతు కోస్తారు. ఏడాదంతా ఒకే ఉద్యోగంలో ఒకే జీతం మీద ఉన్నవారికి ఈ అంచనా దాదాపు సరిపోతుంది.

జూన్ చివర ఉద్యోగం పోయిందనుకోండి. అప్పటిదాకా కోసిన పన్ను పూర్తి ఏడాది జీతాన్ని దృష్టిలో పెట్టుకుని కోసింది. నిజానికి వచ్చింది సగం జీతమే. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు కూడా పెరిగే శ్లాబుల విధానం కాబట్టి, సగం ఆదాయానికి పడే పన్ను సగం కంటే బాగా తక్కువ. పైగా స్టాండర్డ్ డిడక్షన్ అనే మినహాయింపు ఏడాది మొత్తానికి ఒకటే. అది సగం జీతం మీద కూడా పూర్తిగా వర్తిస్తుంది. కాబట్టి సగం ఏడాది పనిచేసి ఆగిపోయినవారికి పెద్ద రీఫండ్ రావడం సహజం. ఉద్యోగం పోయింది కనుక రీఫండ్ పెరుగుతుందన్న ఆశకు ఆధారం ఇదే. భృతి లేకపోతే ఆ ఆశ నిజమే.

భృతి మీద పన్ను ఎప్పుడు మొదలైంది

అమెరికాలో తొలి నిరుద్యోగ బీమా చట్టం 1932లో విస్కాన్సిన్ రాష్ట్రంలో వచ్చింది. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం దీన్ని దేశవ్యాప్త వ్యవస్థగా మార్చింది. నిధి ప్రధానంగా యజమానులు చెల్లించే పన్నుతో సమకూరుతుంది. నడిపేది రాష్ట్రాలు. తన తప్పు లేకుండా పని కోల్పోయి, కొత్త పని వెతుక్కుంటున్న వ్యక్తికి పాత జీతంలో కొంత భాగాన్ని వారం వారం ఇస్తారు. చాలా రాష్ట్రాల్లో మామూలు గరిష్ఠ కాలం 26 వారాలు. వారానికి ఎంత అన్నదానికి ప్రతి రాష్ట్రమూ ఒక పరిమితి పెట్టుకుంది.

ఈ భృతి మీద దశాబ్దాల పాటు ఫెడరల్ పన్ను లేదు. 1978లో చేసిన చట్టంతో 1979 నుంచి ఒక స్థాయి దాటిన ఆదాయం ఉన్నవారి భృతిలో కొంత భాగానికి పన్ను మొదలైంది. 1982లో ఆ స్థాయిని కిందికి దించి మరింత మందిని పరిధిలోకి తెచ్చారు. 1986 పన్ను సంస్కరణల చట్టంతో 1987 నుంచి మొత్తం భృతి పన్ను పరిధిలోకి వచ్చింది. ఆ తరవాత రెండుసార్లు మాత్రమే, రెండు సంక్షోభాల్లో, తాత్కాలిక మినహాయింపు దొరికింది. ఆర్థిక మాంద్యం నాటి 2009 సంవత్సరానికి మొదటి 2,400 డాలర్లకు, కోవిడ్ నాటి 2020 సంవత్సరానికి 10,200 డాలర్ల దాకా.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. భృతి మీద ఆదాయపు పన్ను ఉంది కానీ, జీతం మీద పడే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు లేవు. ఆ రెండూ కలిసి జీతంలో 7.65 శాతం. భృతి నుంచి అవి పోవు.

ముందస్తు కోత ఐచ్ఛికం

జీతం మీద పన్ను కోత తప్పనిసరి. భృతి మీద కాదు. అందుకునే వ్యక్తి కోరితేనే కోస్తారు. డబ్ల్యూ-4వి అనే ఫారం ఇచ్చినా, రాష్ట్రం వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసేటప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టినా ప్రతి చెల్లింపులోనూ 10 శాతం ఫెడరల్ పన్నుగా మినహాయిస్తారు. 8 శాతం కోయమనీ 15 శాతం కోయమనీ అడగడానికి వీల్లేదు. కోస్తే 10 శాతం, లేకపోతే ఏమీ లేదు.

జీతం ఆగిపోయి, ఇంటి అద్దె నెత్తిన ఉన్న వారంలో ఈ ప్రశ్న ఎదురవుతుంది. చేతికి వచ్చేదే తక్కువైనప్పుడు అందులో పదో వంతు వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. చాలామంది వద్దనే అంటారు. ఆ నిర్ణయం ఫలితం తరవాతి ఏప్రిల్‌లో కనిపిస్తుంది.

ఒక లెక్క

పెళ్లి కాని, పిల్లలు లేని ఒక ఉద్యోగిని తీసుకుందాం. నెల జీతం 4,000 డాలర్లు, అంటే ఏడాదికి 48,000. జూన్ చివర ఉద్యోగం పోయింది. జులై నుంచి 26 వారాలు, వారానికి 400 డాలర్ల చొప్పున భృతి వచ్చింది. మొత్తం 10,400 డాలర్లు. 2020 పన్ను సంవత్సరపు ఫెడరల్ రేట్లనే వాడదాం. ఒంటరి వ్యక్తికి ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ 12,400 డాలర్లు. మిగిలిన ఆదాయంలో మొదటి 9,875 డాలర్లకు 10 శాతం, ఆపైన 40,125 దాకా 12 శాతం పన్ను. కోవిడ్ కాలపు అదనపు భృతినీ ప్రత్యేక మినహాయింపునూ ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ముందుగా యజమాని కోసిన పన్ను. 48,000 నుంచి 12,400 తీసేస్తే 35,600. దాని మీద పన్ను 4,074.50 డాలర్లు. ఆరు నెలలకు కోసింది అందులో సగం, అంటే సుమారు 2,037 డాలర్లు. కింది మూడు సందర్భాల్లోనూ జీతం మీద కోసిన ఈ అంకె మారదు.

మొదటి సందర్భం, భృతి అసలు తీసుకోలేదు. ఆదాయం 24,000. మినహాయింపు పోగా 11,600. పన్ను 1,194.50 డాలర్లు. కోసింది 2,037 కనుక సుమారు 843 డాలర్ల రీఫండ్.

రెండో సందర్భం, భృతి తీసుకున్నారు, కోత వద్దన్నారు. ఆదాయం 34,400. మినహాయింపు పోగా 22,000. పన్ను 2,442.50 డాలర్లు. కోసింది 2,037 మాత్రమే. రీఫండ్ లేకపోగా సుమారు 405 డాలర్లు ఎదురు కట్టాలి.

మూడో సందర్భం, భృతి తీసుకున్నారు, 10 శాతం కోతకు ఒప్పుకున్నారు. పన్ను అదే 2,442.50. కానీ ముందుగా జమ అయింది 2,037తో పాటు మరో 1,040 డాలర్లు. కాబట్టి సుమారు 635 డాలర్ల రీఫండ్.

మొదటి రెండు సందర్భాల మధ్య తేడా 1,248 డాలర్లు. అది 10,400లో సరిగ్గా 12 శాతం. అంటే భృతి మొత్తం ఆ వ్యక్తి 12 శాతం శ్లాబులోనే పడింది. మూడో సందర్భంలో 10 శాతం ముందే పోయింది కనుక రీఫండ్‌లో తగ్గింది మిగిలిన 2 శాతం, 208 డాలర్లు మాత్రమే. భార్యాభర్తల్లో ఒకరి జీతం ఎక్కువగా ఉండి, ఉమ్మడి రిటర్ను 22 శాతం శ్లాబుకు చేరితే ఈ 10 శాతం కోత సగం కూడా సరిపోదు. కోతకు ఒప్పుకున్నాం కదా అని నిశ్చింతగా ఉన్న ఐటీ కుటుంబాలకు బాకీ తేలేది ఇక్కడే.

రెండో సందర్భంలోని వ్యక్తి నష్టపోలేదన్నది కూడా గమనించాలి. పన్ను పోగా ఆయనకు భృతిలో 9,152 డాలర్లు మిగిలాయి. మూడో సందర్భంలోనూ మిగిలింది అంతే. మారింది డబ్బు ఎప్పుడు పోయిందన్నది మాత్రమే. కానీ పొదుపు లేని కుటుంబానికి ఆ ఎప్పుడు అన్నదే పెద్ద విషయం.

పేద కుటుంబాలకు రెండో దెబ్బ

పైన చూసింది పన్ను వైపు లెక్క. ఇక క్రెడిట్ల వైపు చూద్దాం. తక్కువ సంపాదన ఉన్న శ్రామిక కుటుంబాలకు అమెరికా ఇచ్చే సహాయాల్లో పెద్దది ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్, పొట్టిగా ఈఐటీసీ. 1975లో మొదలైంది. ఇది పనిచేసి సంపాదించిన ఆదాయానికి ఇచ్చే ప్రోత్సాహకం.

దీని గ్రాఫ్ గీస్తే బల్లపరుపు కొండలా ఉంటుంది. ఒకవైపు ఎక్కే వాలు, మధ్యలో చదును, రెండోవైపు దిగే వాలు. 2020లో ఒక బిడ్డ ఉన్న ఒంటరి తల్లికి సంపాదన మీద ప్రతి డాలరుకూ 34 సెంట్ల చొప్పున క్రెడిట్ పెరుగుతూ, 10,540 డాలర్ల దగ్గర గరిష్ఠ స్థాయి 3,584కు చేరుతుంది. 19,330 డాలర్ల దాకా అక్కడే నిలుస్తుంది. ఆపైన ప్రతి డాలరుకూ దాదాపు 16 సెంట్ల చొప్పున తగ్గుతూ 41,756 దగ్గర సున్నా అవుతుంది.

నిరుద్యోగ భృతి ఈ గ్రాఫ్‌లో విచిత్రమైన స్థానంలో ఉంది. ఎక్కే వాలు మీద అది సంపాదన కాదు. దిగే వాలు మీద అది ఆదాయమే. క్రెడిట్ పెరగడానికి భృతి లెక్కలోకి రాదు, తగ్గడానికి మాత్రం వస్తుంది.

ఆ తల్లి ఏడాదిలో 18,000 డాలర్లు జీతంగా సంపాదిస్తే క్రెడిట్ పూర్తిగా 3,584 వస్తుంది. దానికి 10,000 డాలర్ల భృతి కలిస్తే మొత్తం ఆదాయం 28,000. అది చదునుదాటి 8,670 డాలర్లు ముందుకు వెళ్లింది. క్రెడిట్ సుమారు 1,385 డాలర్లు తగ్గి 2,200 దగ్గర ఆగుతుంది. ఆమెకు భృతి మీద ఎంత పన్ను పడుతుందన్నది వేరే సంగతి. ఈ 1,385 కోత అదనం.

ఇప్పుడు ఇంకో తల్లి. ఏడాది మొదట్లోనే పని పోయింది. జీతంగా వచ్చింది 4,000 డాలర్లు. ఆపైన 12,000 భృతి. మొత్తం 16,000 మీద బతికినా, క్రెడిట్‌కు లెక్కించేది 4,000 మాత్రమే. 34 శాతం చొప్పున 1,360 డాలర్లు. అదే 16,000 జీతంగా వచ్చి ఉంటే 3,584 వచ్చేది.

మొదటి తల్లి దిగే వాలులో జారింది, రెండో తల్లి ఎక్కే వాలు కిందే ఉండిపోయింది. రెండో తరహా ఇబ్బందిని గుర్తించే 2020, 2021 సంవత్సరాలకు అమెరికా చట్టసభ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఈఐటీసీ లెక్కకు ఆ ఏడాది సంపాదన బదులు 2019 నాటి సంపాదనను వాడుకోవచ్చని చెప్పింది. ఆ తరవాత ఆ వెసులుబాటు లేదు.

2020: సగంలో మారిన నిబంధన

ఈ లెక్కలన్నీ ఒక్కసారిగా కోట్ల మందికి అనుభవమైన ఏడాది 2020. ఏప్రిల్‌లో అమెరికా నిరుద్యోగ రేటు 14 శాతం దాటింది. మార్చి 27న అమల్లోకి వచ్చిన కేర్స్ చట్టం, రాష్ట్రాలు ఇచ్చే భృతికి అదనంగా వారానికి 600 డాలర్లు జులై చివరి దాకా ఇచ్చింది. అదీ పన్ను పడే ఆదాయమే. ఎంతోమంది పన్ను కోత లేకుండానే ఆ డబ్బు తీసుకుని ఇల్లు నడుపుకున్నారు.

2021 ఫిబ్రవరి 12న రిటర్నుల స్వీకరణ మొదలైంది. రీఫండ్ త్వరగా కావాల్సినవారు వెంటనే దాఖలు చేశారు. అలా దాఖలు చేసినవారిలో పేదవారే ఎక్కువగా ఉండటం సహజం. మార్చి 11న అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం వచ్చింది. 2020లో అందుకున్న భృతిలో ఒక్కొక్కరికి 10,200 డాలర్ల దాకా పన్ను లేదని అది చెప్పింది. భార్యాభర్తలిద్దరూ భృతి తీసుకుంటే ఇద్దరికీ విడివిడిగా ఈ మినహాయింపు. షరతు ఒక్కటే. సవరించిన స్థూల ఆదాయం 1,50,000 డాలర్ల లోపు ఉండాలి. ఒంటరివారికీ దంపతులకూ అదే పరిమితి. ఇక్కడ నెమ్మదిగా దిగే వాలు లేదు, ఉన్నది కొండ అంచు. పరిమితి లోపు ఒక డాలరున్నా మొత్తం మినహాయింపు, పరిమితిని తాకితే అసలేమీ లేదు.

అప్పటికే రిటర్నులు వేసినవారి సంగతేమిటి? వాళ్లందరూ సవరించిన రిటర్నులు వేస్తే వ్యవస్థ తట్టుకోలేదు. అందుకే తామే లెక్కలు సరిచేస్తామని ఐఆర్‌ఎస్ ప్రకటించి, మే నుంచి విడతలుగా డబ్బు పంపింది. 2023 జనవరిలో ఈ పని ముగిసిందని ప్రకటించేనాటికి సుమారు 1.4 కోట్ల రిటర్నులను సరిచేసింది. దాదాపు 1.2 కోట్ల రీఫండ్ల రూపంలో 1,480 కోట్ల డాలర్లు వెనక్కి వెళ్లాయి. సగటు రీఫండ్ 1,232 డాలర్లు.

మన లెక్కలోని రెండో సందర్భానికి ఈ మినహాయింపును వర్తింపజేసి చూడండి. 10,200 డాలర్ల మీద 12 శాతం అంటే 1,224 డాలర్లు. ఐఆర్‌ఎస్ ప్రకటించిన సగటుకు ఎంత దగ్గరగా ఉందో గమనించవచ్చు. ప్రతి ఒక్కరి లెక్కా ఇలాగే ఉందని దీని అర్థం కాదు. కొందరు 10 శాతం శ్లాబులో, కొందరు 22 శాతంలో ఉన్నారు. కొందరికి క్రెడిట్లు కూడా మారాయి. అయినా రీఫండ్ పరిమాణం గాల్లోంచి రాదని, భృతి మొత్తాన్ని శ్లాబు రేటుతో హెచ్చిస్తే తేలే అంకెకు సమీపంలోనే ఉంటుందని ఇది చూపిస్తుంది.

2021లోనూ అదనపు భృతి కొనసాగింది. కానీ ఆ ఏడాది భృతికి ఈ మినహాయింపు లేదు. ముందటేడు లేని పన్ను ఈసారి ఎందుకొచ్చిందని 2022 ఏప్రిల్‌లో చాలామంది అయోమయపడ్డారు. మినహాయింపు ఒక్క ఏడాదికేనన్నది వాళ్లకు అప్పుడే తెలిసింది.

రాష్ట్రాల పన్ను వేరు

ఇప్పటిదాకా చెప్పింది ఫెడరల్ పన్ను. రాష్ట్ర ఆదాయపు పన్ను దీనికి అదనం, రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా నిరుద్యోగ భృతి మీద రాష్ట్ర పన్ను వేయవు. టెక్సస్, ఫ్లోరిడాల్లో జీతం మీద కూడా రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. న్యూయార్క్ మాత్రం వేస్తుంది. ఒక రాష్ట్రంలో భృతి తీసుకుంటూ మరో రాష్ట్రానికి మారినవారు రెండు చోట్లా నిబంధనలు చూసుకోవాలి.

అసలు భృతికి ఎవరు అర్హులన్నదీ ముఖ్యమే. వెంటనే పనిలో చేరడానికి చట్టపరమైన అనుమతి ఉండాలన్నది సాధారణ నియమం. హెచ్-1బి వీసా ఒక యజమానితో ముడిపడి ఉంటుంది కనుక ఉద్యోగం పోయిన హెచ్-1బి వారికి భృతి దొరకడం కష్టం. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, విడిగా పని అనుమతి ఉన్న జీవిత భాగస్వాములు రాష్ట్ర నిబంధనలకు లోబడి దరఖాస్తు చేసుకోవచ్చు.

రీఫండ్ దారిలోనే ఆగిపోతే

భృతి వల్ల రీఫండ్ తగ్గే దారి ఇంకొకటి ఉంది. అర్హత కంటే ఎక్కువ భృతి చెల్లించామని రాష్ట్రం తరవాత గుర్తిస్తే అది బాకీ అవుతుంది. మోసం వల్ల గానీ, మధ్యలో చేసిన పని తాలూకు సంపాదన చెప్పకపోవడం వల్ల గానీ ఏర్పడిన బాకీని ఫెడరల్ రీఫండ్ నుంచి నేరుగా వసూలు చేయడానికి చట్టం అనుమతిస్తుంది. ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ అనే వ్యవస్థ ద్వారా ఇది జరుగుతుంది. అందుకే వారంలో ఒకట్రెండు రోజులు చేసిన చిన్న పని అయినా ఆ వారం పత్రంలో రాయడం మంచిది.

ఎక్కువగా వచ్చిన భృతిని అదే ఏడాది తిరిగి కట్టేస్తే, మొత్తంలోంచి దాన్ని తీసేసి మిగిలినదే ఆదాయంగా చూపించవచ్చు. తరవాతి ఏడాది కడితే లెక్క వేరు. తిరిగి కట్టింది 3,000 డాలర్లు దాటితేనే పాత పన్నుకు ఉపశమనం దొరుకుతుంది.

మరో చిక్కు, దొంగ దరఖాస్తులు. కోవిడ్ కాలంలో ఇతరుల పేర్లతో, సోషల్ సెక్యూరిటీ నంబర్లతో మోసగాళ్లు పెద్దఎత్తున భృతి కాజేశారు. పైసా తీసుకోనివారి ఇంటికి కూడా భృతి తీసుకున్నట్టు పత్రం వచ్చింది. అలాంటప్పుడు రాష్ట్రానికి ఫిర్యాదు చేసి సరిదిద్దిన పత్రం అడగాలి. రిటర్నులో తమకు నిజంగా అందిన ఆదాయాన్నే చూపించాలి. ఐఆర్‌ఎస్ ఇచ్చిన సూచన కూడా ఇదే.

చేయగలిగినవి

భృతి ఇచ్చిన రాష్ట్రం జనవరి చివరికల్లా 1099-జి అనే పత్రం జారీ చేస్తుంది. ఒకటో గడిలో మొత్తం భృతి, నాలుగో గడిలో కోసిన ఫెడరల్ పన్ను ఉంటాయి. కొన్ని రాష్ట్రాలు దీన్ని పోస్టులో పంపవు, వెబ్‌సైట్‌ నుంచి దింపుకోవాలి. పత్రం చేతికి రాలేదని భృతిని రిటర్నులో వదిలేయకూడదు. దాని నకలు ఐఆర్‌ఎస్‌కు చేరే ఉంటుంది. వదిలేస్తే రీఫండ్ ఆలస్యమవుతుంది, తరవాత నోటీసు వస్తుంది.

భృతి మొదలయ్యేటప్పుడే 10 శాతం కోత కావాలా వద్దా అన్నది ఆలోచించుకోవాలి. వద్దనుకుంటే పన్నును మూడు నెలలకోసారి తామే కట్టవచ్చు. గడువులు ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, మరుసటి జనవరి 15. ఏడాది చివర తేలే బాకీ 1,000 డాలర్ల లోపే ఉంటే ముందస్తుగా కట్టలేదన్న జరిమానా ఉండదు. మన రెండో సందర్భంలోని ఉద్యోగి 405 డాలర్లే బాకీపడ్డారు కనుక జరిమానా నుంచి బయటపడ్డారు. మధ్యలో కొత్త ఉద్యోగం దొరికితే, కొత్త యజమానికి ఇచ్చే డబ్ల్యూ-4 ఫారంలో ప్రతి జీతం నుంచి కొంత అదనంగా కోయమని రాయవచ్చు. భృతి మీద బాకీని అలా కొద్దికొద్దిగా తీర్చేయవచ్చు.

చేతిలో డబ్బు లేకపోయినా రిటర్ను మాత్రం గడువులోగా వేయాలి. బాకీ పన్ను మీద దాఖలు చేయనందుకు పడే జరిమానా నెలకు 5 శాతం, దాఖలు చేసి కట్టనందుకు పడేది నెలకు అర శాతం. పది రెట్ల తేడా. వాయిదాల్లో కట్టుకునే వీలు కూడా ఐఆర్‌ఎస్ ఇస్తుంది. ఇక్కడ వాడిన శ్లాబులు, ఈఐటీసీ పరిమితులు 2020వి. ధరల పెరుగుదలను బట్టి అవి ఏటా మారుతుంటాయి కనుక సొంత లెక్కకు ఆ ఏడాది అంకెలే వాడాలి. లెక్క వేసే పద్ధతి మాత్రం అదే.

పన్ను న్యాయమా, సమయం న్యాయమా

భృతి మీద పన్ను సబబేనా అన్న చర్చ అమెరికాలో పాతదే. సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది. ఏడాదంతా శ్రమించి 34,400 డాలర్లు సంపాదించిన కార్మికుడు పన్ను కడుతున్నప్పుడు, సగం జీతం, సగం భృతిగా అదే మొత్తం అందుకున్న వ్యక్తి కట్టకపోతే ఎలా? ఎదుటివారి వాదన కూడా తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. భృతి పాత జీతంలో కొంత భాగమే ఇస్తుంది, అందులోంచి మళ్లీ ప్రభుత్వమే వాటా తీసుకోవడం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడమేనని వారంటారు.

రెండు వాదనల్లోనూ పెద్దగా వినిపించని విషయం ఒకటుంది. జీతం మీద పన్నును మనిషి గమనించకుండానే వ్యవస్థ కోస్తుంది. భృతి మీద పన్నును గమనించే బాధ్యత మాత్రం అప్పుడే ఉద్యోగం పోయిన మనిషి మీద పెడుతుంది. లెక్కలు వేసుకునే తీరిక, మనశ్శాంతి అందరికంటే తక్కువగా ఉండేది అలాంటి మనిషికే. ఈ పన్ను ఉంటుందన్న సంగతిని దరఖాస్తు చేసిన మొదటి వారంలోనే, ఎంత పడవచ్చో ఒక అంచనాతో సహా చెప్పగలిగితే, ఏప్రిల్‌లో రీఫండ్ రాలేదన్న దిగులు చాలావరకు తగ్గుతుంది. అప్పుడు కోత కావాలన్నా వద్దన్నా అది తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.